మా ఊళ్ళో గుండెకి బ్యాటరీలు ఎందుకిన్ని పెరిగాయి? తెలిసినవాళ్ళు చెప్పండి

ప్రశ్న: ముక్తేశ్వరం మాస్టారు

అందరికీ నమస్కారమండి. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మాది ముక్తేశ్వరం దగ్గర, గౌతమి ఏటిగట్టుని ఆనుకుని ఉన్న ఊరు. మూణ్ణెల్లుగా ఒక లెక్క తేలక నిద్రపట్టడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

1996 నవంబరు తుపాను నాటికి మా ఊరు మొత్తమ్మీద గుండెకి బ్యాటరీ ఉన్న మనిషి ఒక్కరే. మా వీధి పెద్దాయన. హైదరాబాదు వెళ్ళి వేయించుకొచ్చారు. దానికోసం అరవై సెంట్ల కొబ్బరితోట అమ్ముకున్నారు. ఎడమ భుజం కింద, కాలరెముకకి కాస్త దిగువన, చర్మం లోపల అగ్గిపెట్టెంత ఎత్తు కనపడేది. సాయంత్రం అరుగు మీద చొక్కా లేకుండా కూర్చుంటే పిల్లలు దాన్నే చూస్తుండేవాళ్ళు. "ముట్టుకోవచ్చా తాతా?" అంటే నవ్వి, "మెల్లిగా" అనేవారు. తుపాను రాత్రి పెంకుటిల్లు పైకప్పు లేచిపోయినా ఆయన బతికి బయటపడ్డారు. 2003లో నిద్రలో పోయారు.

మొన్న సంక్రాంతికి రామాలయం అరుగు మీద ఐదుగురం కూర్చున్నాం. మాటల్లో తెలిసింది, అందులో ఇద్దరికి పేస్‌మేకర్, అదే గుండెకి బ్యాటరీ, ఉందని. ఆ రోజే పాత హాజరు పట్టీ ఒకటి తీసి రాయడం మొదలుపెట్టాను. ఊళ్ళో వాకబు చేస్తే పదకొండు పేర్లొచ్చాయి. నాకు గుండె గుభేలుమంది. మూడు వేల జనాభా ఉన్న ఊళ్ళో పదకొండా!

తర్వాత ఒక్కొక్క ఇంటికీ వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, జనం "గుండెకి మిషను వేసారు" అంటే అది ఏదైనా కావచ్చని. నలుగురికి వేసింది స్టెంట్లు, రక్తనాళం మూసుకోకుండా పెట్టేవి. ఒకాయనకి బైపాస్ ఆపరేషను. మిగిలిన ఆరుగురే అసలు పేస్‌మేకర్ వాళ్ళు. చొక్కా గుండీలు విప్పి మచ్చ చూపించారు, పర్సులోంచి కార్డు తీసి చూపించారు. ఐదుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. వేసిన సంవత్సరాలు నేను రాసుకున్నవి ఇవండి: 2009, 2013, 2019, 2019, 2022, 2024. వయసులు అరవై ఒకటి మొదలు ఎనభై నాలుగు దాకా.

ఊళ్ళో ఎవరి వాదన వాళ్ళది. పురుగుమందులంటాడొకడు. పైనున్న రొయ్యల చెరువుల నీళ్ళంటాడింకొకడు. సెల్ టవరంటారు, కరోనా టీకా అంటారు. నాకు మాత్రం రెండే సందేహాలు.

నిజంగా ఈ జబ్బు మన గోదావరి జిల్లాల్లో పెరుగుతోందా? లేక జబ్బు ఎప్పుడూ ఇంతే ఉండి, మిషను అందడమే పెరిగిందా? ఇది తేల్చాలంటే నా పట్టీలో ఏం రాయాలి, ఎలా లెక్కపెట్టాలి? పెద్ద డాక్టర్లే చెప్పాలని లేదు. ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్ళు, ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళు ఎవరైనా రాయండి.

జవాబు: ఆకివీడు చెరువులు

మాస్టారూ, మా నాన్నగారికి 2017లో వేసారండి. ఆరోగ్యశ్రీ కార్డు మీద అయింది, మందులకీ రానుపోనూ ఖర్చులకీ తప్ప మేం పెట్టింది లేదు. ఆ కార్డే లేకపోతే చెరువు తాకట్టు పెట్టాల్సొచ్చేది. పెరిగిందంటే నాకు తోచే కారణం అదొక్కటే.

జబ్బు సంగతి నాకు తెలీదు గానీ ఒకటి చెప్పాలి, చెరువుల వాళ్ళు చదువుతారని. నాన్నగారు మిషను వేయించుకున్న ఏడాదికి, రాత్రి పూట చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటరు ఆగిపోతే తానే నీళ్ళలోకి దిగారు. మోటారు వైరు పైతొడుగు ఊడి ఉంది, ఎర్తింగు లేదు. నీళ్ళు జివ్వుమన్నాయట, కళ్ళు బైర్లు కమ్మి గట్టు మీద కూలబడ్డారు. మా తమ్ముడు మెయిను కట్టేసాడు. రెండు నిమిషాల్లో మామూలయ్యారు గానీ మేం హడలిపోయాం. తర్వాత ఆసుపత్రిలో మిషను చూపిస్తే, పాడవలేదు అన్నారు. అప్పట్నుంచి ప్రతి మోటారుకీ ఎర్తింగు వేయించి, లీకేజీకి ట్రిప్పయ్యే బ్రేకరు పెట్టించాం. నాన్నగార్ని నీళ్ళలోకి దిగనివ్వం. కాకినాడ ఈసీజీ గారు ఈ గుంపులోనే ఉంటారు కదా, ఆ రోజు అసలేమై ఉంటుందో చెబుతారా?

జవాబు: కాకినాడ ఈసీజీ

మాస్టారికి నమస్కారాలు. ఇరవై ఏడేళ్ళు ఈసీజీ టెక్నీషియన్‌గా చేసాను, అందులో సగం కాలం క్యాథ్ ల్యాబులోనే, అంటే స్టెంట్లూ పేస్‌మేకర్లూ వేసే గదిలో. డాక్టర్ని కాను. చూసింది చెబుతాను.

ముందు చెరువు సంగతి. పేస్‌మేకర్ గుండె కొట్టుకోవడం లేదనుకున్నప్పుడే కరెంటు ఇస్తుంది. ఎదురుచూస్తూ వింటూ ఉంటుందన్నమాట. నీళ్ళలోకి లీకైన కరెంటు ఒంట్లోంచి పారితే, దాన్నే గుండె చప్పుడనుకుని మిషను ఊరుకుండిపోవచ్చు. ఆ క్షణాలు మనిషికి కళ్ళు తిరుగుతాయి. కరెంటు పోగానే మళ్ళీ పని మొదలెడుతుంది. మీ నాన్నగారికి అదే అయి ఉంటుంది. మీరు చేసిన ఎర్తింగు పని ప్రతి చెరువు మీదా చేయాలి, మిషను ఉన్నా లేకపోయినా. బాగున్న మోటారు పక్కనుంచి నడిస్తే భయం లేదు. వెల్డింగు మాత్రం వద్దు. సెల్‌ఫోను చొక్కా ఎడమ జేబులో పెట్టుకోకుండా, కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడితే చాలు, మిషనుకి ఆరంగుళాలు ఎడం ఉండాలి.

ఇప్పుడు మాస్టారి లెక్క. మీరు ఇంటింటికీ వెళ్ళి మచ్చ చూసి రాసారే, అది చాలా గొప్ప పనండి. స్టెంటునీ పేస్‌మేకర్నీ కలిపేసి చెప్పడం మన దగ్గర సర్వసాధారణం. దానికి సగం కారణం "బ్లాకు" అన్న మాట. "మూడు బ్లాకులున్నాయి" అంటే రక్తం పారే గొట్టాలు మూసుకున్నాయని. "హార్ట్ బ్లాక్" అంటే అది కాదు. మన కాలవల భాషలో చెబుతాను. పై గదుల్లో పుట్టిన కరెంటు కింది గదులకి ఒకే ఒక్క తూము గుండా దిగాలి. హెడ్డు దగ్గర నీళ్ళు వదులుతూనే ఉన్నారు, తూము పూడిపోయింది, శివారు చేనుకి అందడం లేదు. కింది గదులు పాపం తమంతట తాము నిమిషానికి ముప్ఫయ్యో నలభయ్యో కొట్టుకుంటాయి. ఆ పూడిక ఎక్కువమందిలో వయసుతో వచ్చేదే. తీగల్లాంటి ఆ దారిలో కండ పోయి పీచు పేరుకుంటుంది. పురుగుమందు, టవరు, టీకా అని వెతకనక్కర్లేదు. మీ పట్టీలో మొదటి నాలుగు సంవత్సరాలు కరోనాకి ముందువే కదా.

ఇంకో రకం ఉంది, అసలు కరెంటు పుట్టే చోటే నీరసించడం. దానికీ పేస్‌మేకరే. పడమటి దేశాల్లో ఈ రెండో రకం వాళ్ళు మనకంటే బాగా ఎక్కువ. మన దగ్గర వేసేవాటిలో హార్ట్ బ్లాక్ వాళ్ళదే పెద్ద వంతు. ఎందుకో ఆలోచించండి. హార్ట్ బ్లాక్ వాడు దబ్బున పడిపోతాడు, కాబట్టి ఆసుపత్రికి తెస్తారు. రెండో రకం వాడు ఆయాసపడుతూ, తూలుతూ, "వయసైపోయింది" అనుకుంటూ ఇంట్లోనే ఉండిపోతాడు.

మీరు 2019 రెండుసార్లు రాసారు. అందులో ఒకటి బ్యాటరీ మార్పిడేమో అడిగి చూడండి. మిషను ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ దాకా పనిచేస్తుంది, తర్వాత పెట్టె మారుస్తారు. తీగ మామూలుగా పాతదే ఉంచుతారు. మనుషుల్ని లెక్కపెట్టాలా, మిషన్లని లెక్కపెట్టాలా అన్నది ఇక్కడే తేలాలి. ప్రపంచంలో మొట్టమొదట ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్నది స్వీడన్ దేశస్థుడు ఆర్నె లార్సన్. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోం దగ్గర పెట్టారు. ఆ మొదటి మిషను కొన్ని గంటలే పనిచేసింది. ఆయన మాత్రం 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. అప్పటికి ఇరవై ఆరు మిషన్లు మారాయి. ఆసుపత్రి పద్దులో అవి ఇరవై ఆరు, ఊరి పట్టీలో ఒకటి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక తొలి రెండు మూడేళ్ళలో వేయించుకున్నవాళ్ళంతా 2018, 2020 ప్రాంతంలో మార్పిడికి వచ్చారు. మిషన్ల పద్దు మాత్రమే చూసినవాడు, జబ్బు ఒక్కసారిగా విరుచుకుపడింది అనుకుంటాడు. కొత్తవీ మార్పిడివీ విడివిడిగా రాయండి.

రెండో చిక్కు చిరునామా. కాకినాడ ఆసుపత్రుల పద్దు చూస్తే అందులో తుని వాళ్ళుంటారు, ఏజెన్సీ వాళ్ళుంటారు. మీ కోనసీమ వాళ్ళు కొందరు రాజమండ్రిలో, కొందరు విజయవాడలో, పిల్లలున్న హైదరాబాదులో వేయించుకుంటారు. ఎక్కడ వేసారన్నది కాదు, ఏ ఊరి మనిషన్నదే చూడాలి. దానికి తోడు 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి. 2011 జనాభా లెక్కల్లో తూర్పు గోదావరి 51.5 లక్షలు. ఇప్పుడు ఆ పేరుతో ఉన్న జిల్లా వేరు. పాత అంకెనీ కొత్త అంకెనీ పక్కపక్కన పెట్టి "తగ్గింది", "పెరిగింది" అంటే పొరపాటే. డెన్మార్కులో 1982 నుంచీ పెట్టిన ప్రతి పేస్‌మేకర్నీ ఒకే పట్టీలో రాస్తున్నారు. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టే మీలాంటివాళ్ళు హాజరు పట్టీ తీయాల్సొచ్చింది.

ఇప్పుడు అసలు మాట. మీరు "ఎందుకిన్ని" అని అడిగారు. 2009లో అరవై ఒక్క దేశాల్లో ఎన్నెన్ని పేస్‌మేకర్లు వేసారో సర్వే చేసారు. అందరికంటే పైనున్నది జర్మనీ, పది లక్షల జనాభాకి ఆ ఒక్క ఏడాదే కొత్తవి 927. మన దేశం ఆ పట్టికలో చాలా కింద. మీరు లెక్కల మాస్టారు, మూడు వేల జనాభాకి ఎంతొస్తుందో చూడండి. ఏడాదికి దాదాపు మూడు. పదిహేనేళ్ళకి నలభై. జర్మనీలో ముసలివాళ్ళ పాలు ఎక్కువ, కాబట్టి అంతా మనకి వర్తించదు. మూడో వంతు వేసుకున్నా మీ ఊళ్ళో పదమూడు, పధ్నాలుగు ఉండాలి. మీకు దొరికింది ఆరు. చిన్న ఊళ్ళో ఒకరు అటూఇటూ అయితే అంకె మారిపోతుంది, అందుకని దీన్నే పట్టుకుని వాదించను. కానీ నన్నడిగితే మీ ప్రశ్న "ఎందుకిన్ని" కాదు, "ఎందుకింత తక్కువ". మిగిలినవాళ్ళు ఎక్కడ? కొందరు పడిపోయి పోయారు. గుండెపోటని రాసుకున్నాం. కొందరు ఇప్పుడు మీ వీధిలోనే తూలుతూ నడుస్తున్నారు.

పెరగడానికి కారణం కార్డొక్కటే కాదు. 2005లో 108 వచ్చింది. మీకు యానాం ఎదుర్లంక దగ్గర వంతెన వచ్చింది. అంతకుముందు మీవైపు నుంచి పేషెంటు రావాలంటే కోటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూడాలి, లేదంటే రావులపాలెం చుట్టూ తిరగాలి. పంటులో పల్సు ఆగిపోయిన మనిషిని నేను కళ్ళారా చూసాను, కూతురు ఒడిలో తల పెట్టుకుని. గుండె ముప్ఫై కొట్టుకునే మనిషికి వంతెన కూడా మందే.

ఒక చిన్న పని నేర్పుతాను, మీకు బాగా పనికొస్తుంది. ఈసీజీ కాగితం మీద గళ్ళుంటాయి. నిలువుగా లేచిన పెద్ద సూది మొన నుంచి పక్క సూది మొన దాకా ఎన్ని పెద్ద గళ్ళున్నాయో లెక్కపెట్టండి. 300ని ఆ అంకెతో భాగించండి. నాలుగు గళ్ళైతే 75. తొమ్మిది గళ్ళైతే 33. ఆ సూదుల మధ్య చిన్న చిన్న గుట్టలు తమ దారిన తాము సమంగా నడుస్తూ, సూదులతో ఏ లంకే లేకుండా కనపడితే అదే తూము పూడటం. వెంటనే బయల్దేరాలి. కాగితం లేకపోతే బొటనవేలి మొదట్లో మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి, గోడ గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించవద్దు, దగా పడతారు.

అలాగని పల్సు తక్కువున్న ప్రతివాళ్ళకీ మిషను అక్కర్లేదు. బీపీకి ఇచ్చే అటెనొలాల్, మెటొప్రొలాల్, గుండెకి ఇచ్చే డిగాక్సిన్, డిల్టియాజెం వల్ల నెమ్మదించవచ్చు. థైరాయిడ్ తగ్గినా, కిడ్నీ జబ్బులో పొటాషియం పెరిగినా అంతే. మందు సరిచేస్తే గుండె సర్దుకుంటుంది. అది డాక్టరే చేయాలి, ఇంట్లో ఎవరూ బిళ్ళ ఆపేయకూడదు.

జవాబు: రాజోలు కోడలు

ఈసీజీ గారు "మిగిలినవాళ్ళు ఎక్కడ" అన్న చోట ఆగిపోయానండి. మా అత్తయ్యగారు ఆ మిగిలినవాళ్ళలో ఒకరు.

నాలుగేళ్ళలో ఐదుసార్లు పడ్డారు. మొదటిసారి పెరట్లో కల్లాపి చల్లుతూ. రెండోసారి కాలవ రేవు మెట్ల మీద, బిందె దొర్లిపోయి నీళ్ళలో పడింది, ఆవిడ మెట్టు మీద ఆగారు. ప్రతిసారీ అరనిమిషంలో లేచి, చీర సర్దుకుని, "ఏం లేదమ్మా, నీరసం" అనేవారు. మా ఊరి ఆరెంపీ గారు సెలైను పెట్టేవారు. ఒకసారి గ్యాసన్నారు. ఒక పెద్ద ఆసుపత్రిలో తలకి స్కాన్ తీసి మూర్ఛ మందులు రాసారు, ఏడాదిన్నర వాడాం. పల్సు నిండా నిమిషం పట్టుకుని చూసినవాళ్ళు ఎవరూ లేరు. పక్కింటివాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, మేం కాదనలేకపోయాం.

చివరికి ఎలా బయటపడిందంటే కంటి శుక్లం ఆపరేషను. ఆపరేషనుకి ముందు ఈసీజీ తీయాలన్నారు. ఆ కాగితం చూసిన అమ్మాయి, చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో, కుర్చీలోంచి లేచి నిలబడింది. "అమ్మమ్మగార్ని నడిపించకండి" అంది. గుండె 31 కొట్టుకుంటోంది. అదే రోజు సాయంత్రం మెడ దగ్గర తాత్కాలికంగా తీగ పెట్టారు, రెండ్రోజులకి పేస్‌మేకర్ వేసారు. మత్తు కూడా పూర్తిగా ఇవ్వలేదు, ఆ చోట మొద్దుబార్చి గంటలో చేసేసారు. బయటికొచ్చి ఆవిడ అడిగిన మొదటి మాట, "కన్ను ఎప్పుడు చేస్తారు?" నెల్లాళ్ళ పైన ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తొద్దన్నారు. జడ నేనే వేసేదాన్ని. ఇప్పుడు మూడేళ్ళైంది, ఒక్కసారి పడలేదు.

మాస్టారూ, మీ పట్టీలో ఐదుగురు మగవాళ్ళకి ఒక్క ఆడమనిషి అన్నారు. మా మావయ్యగారికి అదే జబ్బొస్తే, పొలంలో ఒక్కసారి తూలారో లేదో, వారంలో విజయవాడ తీసుకెళ్ళి వేయించారు. అత్తయ్యగారికి నాలుగేళ్ళు పట్టింది. కోడలిగా ఆ పాపంలో నా పాలూ ఉంది. నీరసం అంటే నమ్మేసాను.

ఇంకో సంగతి రాయాలి, బాధగానే ఉంటుంది. మావయ్యగారు పోయిన రోజు మిషను గురించి ఎవరికీ గుర్తురాలేదు. వశిష్ట ఒడ్డున కాష్ఠం మీద అది పేలింది. పెద్ద శబ్దం, నిప్పు కట్టెలు చెదిరాయి. తలకొరివి పెట్టిన మా వారి చెయ్యి కాలింది. అంతకంటే ఆ చప్పుడు ఆయన మనసులోంచి ఇప్పటికీ పోలేదు. దహనానికి ముందు అది తీయించాలని మాకు ఎవరూ చెప్పలేదు. మీ అందరికీ నేను చెబుతున్నాను.

జవాబు: కాకినాడ ఈసీజీ

తల్లీ, మీరు రాసింది ప్రతి ఊళ్ళోనూ చదివి వినిపించాలి. లోపలున్నది గాలి చొరబడకుండా మూసేసిన లిథియం బ్యాటరీ, మంటలో పేలే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో పోతే అక్కడే అడిగి తీయించండి. ఇంట్లో పోతే దగ్గర్లో ఉన్న డాక్టర్ని పిలిస్తే చిన్న కోతతో తీసేస్తారు, పది నిమిషాల పని. పేస్‌మేకర్ కార్డు వెనకాల ఈ మాట తెలుగులో రాసి పెట్టుకోండి. పూడ్చిపెట్టేవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు.

ఆడా మగా సంగతి. మిగతా దేశాల్లో కూడా మగవాళ్ళకే కొంత ఎక్కువ వేస్తారు, హార్ట్ బ్లాక్ మగవాళ్ళలో ఎక్కువ. కానీ ఐదుకి ఒకటి తేడా జబ్బు వల్ల రాదు. మీ అత్తగారి నాలుగేళ్ళు చూస్తే తెలుస్తోంది కదా.

మళ్ళీ: ముక్తేశ్వరం మాస్టారు

మూడు వారాలు రాయలేదు, క్షమించండి. పట్టీ మళ్ళీ మొదట్నుంచీ రాసాను.

ఈసీజీ గారన్నది నిజమే. 2019లో ఒకటి మార్పిడి. ఆయన మొదట విజయవాడలో 2008లో వేయించుకున్నారట, నేనడగలేదు, ఆయన చెప్పలేదు. కాబట్టి కొత్తవి వరసగా 2008, 2009, 2013, 2019, 2022, 2024. దీన్నిబట్టి పెరిగిందని ఏ విద్యార్థి రాసినా నేను మార్కు వెయ్యను.

రాజోలు కోడలు గారి జవాబు మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరడిగితే ఆడవాళ్ళు చెప్పరు, నేనడుగుతాను" అంది. ద్వాక్రా సమావేశానికి వెళ్ళి, ఆశా కార్యకర్తని పక్కన కూర్చోబెట్టుకుని, ఒకటే ప్రశ్న వేసింది: "రెండేళ్ళలో కారణం లేకుండా ఎవరైనా పడిపోయారా?" నలుగురు బయటపడ్డారండి. నేను ఇంటింటికీ తిరిగిన అవే ఇళ్ళు. పట్టీలో కొత్త పేజీ తీసి పైన "పడిపోయినవాళ్ళు" అని రాసాను.

ఆ నలుగురిలో మా అక్కయ్య ఉంది. డెబ్బై ఆరేళ్ళు. కార్తీక సోమవారం ఉపవాసం నాడు పశువుల పాకలో పాలచెంబుతో సహా పడిపోయిందట. ఉపవాసం వల్ల అనుకుని ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా. నా ఎదురింట్లో ఉంటుందండి. గోడ గడియారం కింద కూర్చోబెట్టి నిండా నిమిషం చూసాను. 42. మళ్ళీ చూసాను. 42.

అమలాపురం తీసుకెళ్ళి ఈసీజీ తీయించాను. ఏడు గళ్ళు. గుట్టలూ సూదులూ మాత్రం జతగానే ఉన్నాయి, నేనే ముందు చూసుకున్నాను. డాక్టరు గారు మందుల సంచీ అడిగారు. తొమ్మిదేళ్ళుగా అటెనొలాల్ వాడుతోంది. ఏడాది క్రితం ఇంకొకరు డిల్టియాజెం కలిపారు, మొదటిది ఆపమని చెప్పలేదు. ఆయన బిళ్ళలు మార్చి, పల్సు రోజూ రాయమన్నారు. ఐదో రోజుకి 64. వచ్చే మంగళవారం హోల్టర్ పెడతారు, ఒంటికి తగిలించి ఇరవై నాలుగు గంటలూ ఈసీజీ రాసే చిన్న పెట్టె, అది చూసాక మిషను అక్కర్లేదో ఉందో చెబుతామన్నారు.

రెండో ఆవిడ కాగితం వేరు. ఎనిమిదిన్నర గళ్ళు, గుట్టలు తమ దారిన తాము నడుస్తున్నాయి. డాక్టరు గారు కాగితం చూస్తూనే 108కి ఫోన్ చేయించారు. ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి గంటన్నరలో కాకినాడ చేరారు. కార్డు మీదే అయింది. నిన్న ఇంటికొచ్చారు, కొడుకు కువైట్ నుంచి వీడియోలో చూసి ఏడ్చాడు. కార్డు వెనకాల దహనం మాట నేనే రాసిచ్చాను. ఆవిడ చదివించుకుని, "మంచిది మాస్టారూ" అన్నారు.

మిగిలిన ఇద్దరూ ఇంకా ఒప్పుకోలేదు. ఒకావిడ, మామిడికాయలు కోసే రోజులు, పచ్చళ్ళు పెట్టాక వస్తానంటోంది. మా ఆవిడ రేపు పొద్దున్న మళ్ళీ వెళ్తానంది, ఈసారి ముక్కలు తరిగిపెట్టడానికి కత్తిపీట కూడా పట్టుకెళ్తోంది.